మీ ప్రశ్నలు – మా జవాబులు: వెనక టైరు పెద్దదైతే పికప్ తగ్గుతుందా?

ప్రశ్న: నా దగ్గర 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ ఉంది. ఫెండర్లు తీసేసిన హైబాయ్. 350 క్యూబిక్ ఇంచీల షెవర్లే వి8, టర్బో 350 గేర్‌బాక్సు, వెనక ఇరుసులో 3.73 గేరు (అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు 3.73 చుట్లు తిరగాలి). ఇప్పుడున్న 275/60 ఆర్ 15 టైర్ల ఎత్తు 28 అంగుళాలు. పాతకాలం హాట్ రాడ్‌లా (వేగం కోసం మార్చుకున్న పాత కారులా) వెనక ఎత్తుగా, ముందు వాలుగా కనిపించాలని 31 అంగుళాల బయాస్ ప్లై టైర్లు (లోపలి దారాల పొరలు ఐమూలగా ఉండే పాతకాలం టైర్లు) చూసుకున్నాను. పికప్ చచ్చిపోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. వేయనా, మాననా?

జవాబు: వేయండి. అయితే టైర్లకు డబ్బు కట్టే ముందే క్రౌన్, పినియన్ (వెనక ఇరుసులోని పళ్లచక్రాల జత) ఖర్చు కూడా పక్కన పెట్టుకోండి. మీ స్నేహితులు చెప్పింది నిజమే, కానీ దానికి మందుంది.

ఇంజను తిప్పే బలం టైరు దగ్గరికొచ్చేసరికి నేలను ఎంత గట్టిగా తోస్తుందన్నది ఇరుసు మధ్య నుంచి నేలదాకా ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. దూరం పెరిగిన కొద్దీ తోపు తగ్గుతుంది. 28ని 31తో భాగిస్తే 0.90. అంటే ప్రతి గేరులోనూ పదో వంతు బలం పోయినట్టే. ఇంకోలా చెప్పాలంటే మీ 3.73 గేరు 31 అంగుళాల టైరు మీద 3.37లా నడుస్తుంది. గంటకు 60 మైళ్ల దగ్గర టాప్ గేరులో ఇంజను ఇప్పుడు సుమారు 2,690 చుట్లు తిరుగుతుంటే, అప్పుడు 2,430 చాలు. హైవే మీద హాయిగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర మాత్రం బద్ధకం తెలుస్తుంది.

మందు 4.11 గేరు. 3.73ని 31తో గుణించి 28తో భాగిస్తే 4.13 వస్తుంది. బజారులో దొరికే వాటిలో దానికి అతి దగ్గరిది 4.11. అది వేస్తే 60 మైళ్ల దగ్గర చుట్లు మళ్లీ 2,670కి వస్తాయి, పోయిన లాగుడూ తిరిగొస్తుంది. స్పీడోమీటరు కూడా దారికొస్తుంది. టైర్లు మాత్రమే మార్చి ఊరుకుంటే ముల్లు 60 చూపేటప్పటికి బండి నిజంగా 66 మీద ఉంటుంది.

అయినా పూర్తిగా పాత పికప్ రాదు. ఎత్తయిన టైరు బరువు కూడా ఎక్కువ, ఆ బరువంతా అంచు దగ్గరే ఉంటుంది. అంచు దగ్గర పెరిగే ప్రతి పౌండునీ ముందుకు తొయ్యాలి, తిప్పాలి కూడా. అందుకే పికప్ విషయంలో అది దాదాపు రెండు పౌండ్ల లెక్క. కొనేటప్పుడు ఎత్తుతోపాటు బరువు కూడా అడగండి. దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ.

ఇంకో సంగతి. బయాస్ ప్లై సైజు అంకెల్లో టైరు ఎత్తు కనబడదు. 7.50-16 అంటే వెడల్పు, రిమ్ము మాత్రమే. ఎత్తు కంపెనీని బట్టి మారుతుంది. పైగా బండి బరువుకి టైరు కాస్త అణుగుతుంది. బిగించాక టైరు మీద, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు తోయండి. నడిచిన దూరాన్ని 3.14తో భాగిస్తే టైరు అసలు ఎత్తు వస్తుంది. గేరు ఎంచుకోవాల్సింది ఆ అంకెతోనే.

ఇక ఠీవి. టైరు 3 అంగుళాలు పెరిగితే వెనక లేచేది ఒకటిన్నరే, ఎందుకంటే మిగతా సగం ఇరుసు పైకి పోతుంది. మీ బండి వీల్‌బేస్ 106 అంగుళాలు. దాని మీద ఒకటిన్నర అంగుళం అంటే ఒక డిగ్రీ కూడా నిండదు, సుమారు 0.8. కాగితం మీద ఇది చిన్న అంకె. రోడ్డు మీద మాత్రం బండి ముఖమే మారిపోతుంది. అయితే ముందు ఇరుసు క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) కూడా అదే 0.8 డిగ్రీ తగ్గుతుంది. 6 డిగ్రీలుంటే ఐదు పైచిలుకు మిగులుతుంది. స్టీరింగు తనంతట తాను నిటారుకి రావడం కాస్త మందగిస్తే, ముందు ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు సర్ది క్యాస్టర్‌ను పాత కొలతకు తీసుకురండి.

ఈ వాలు అందం కోసం పుట్టింది కాదు. 1937లో ఎస్.సి.టి.ఎ. (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్, అక్కడి వేగ పందేల సంఘం) ఏర్పడే నాటికే కాలిఫోర్నియా కుర్రాళ్లు మ్యురాక్ ఎండుసరస్సు మీద పందేలాడుతున్నారు. 1932 ఫోర్డ్ వి8 అసలు బలం 65 గుర్రాలు, అది ఎక్కువ చుట్లు తిరగలేదు. వెనక ఎత్తయిన టైరు వేస్తే అవే చుట్లకు వేగం పెరిగేది. అక్కడ మైళ్ల పొడవున నేల ఉంది, నెమ్మదిగా ఎత్తుకున్నా నష్టం లేదు. తర్వాత హాలిబ్రాండ్ క్విక్‌చేంజ్ ఇరుసు వచ్చింది. వెనక మూత తీసి పళ్లచక్రాల జత మారిస్తే నిమిషాల్లో నిష్పత్తి మారిపోయేది. ఇవాళ మీకు కావాల్సింది ఆ సరస్సు బండి రూపు, సిగ్నల్ దగ్గర దూకే బండి పికప్. రెండూ కలిసి రావాలంటే మొదట టైరు ఎంచుకోండి, తర్వాత దానికి తగ్గ గేరు. ఉన్న గేరుకు సరిపోయే టైరే వేసుకుని, రూపంతో రాజీపడిన బండ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: నాది ఫోర్డ్ మోడల్ ఎ రాడ్, అసలు నాలుగు సిలిండర్ల ఇంజనే. వెనక 10 అంగుళాల వెడల్పు టైర్లు వేస్తే పికప్ పెరుగుతుందా?

జవాబు: పెరగదు. వెడల్పు గేరు లెక్కను మార్చదు. టైరు జారిపోతుంటేనే వెడల్పు పట్టునిస్తుంది. 40 గుర్రాల ఇంజను ఇప్పుడున్న టైర్లనే జార్చలేదు, మీరు దాని మీద బరువు మాత్రం పెంచుతారు. ఆ సన్నని బాడీకి వెనక 7.00-16, ముందు 5.00-16 ఎంతో బాగుంటాయి. రెండు జతల ఎత్తుల్లో తేడా ఉంటుంది కాబట్టి వాలు దానంతటదే వస్తుంది.