మీ అమ్మ వద్దన్నా నీళ్లు తాగు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో "అంతా మంచిగనే ఉంది చిన్నమ్మా" అన్నావు కానీ నీ గొంతు ఎండిపోయి ఉంది. రోజంతా కలిపి రెండు గ్లాసుల వేడినీళ్లే ఇస్తున్నారన్న సంగతి చివర్లో, అదీ నేను గట్టిగా అడిగితే చెప్పావు. మా అక్క మీద నాకు కోపం లేదు, మా అమ్మ మాకు చేసిందే తను నీకు చేస్తోంది. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని మన దేవరకొండ దిక్కు ఇంటింటా అంటారు, కానీ అది నిజం కాదు. నువ్వు పాపకు ఇచ్చే పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఈ ఎండల్లో కిటికీలు మూసి, చెవుల్లో దూది పెట్టి, నీళ్లు కూడా ఇవ్వకపోతే ఒంట్లో ఏం మిగులుతుంది? మూత్రం మంట పుడుతుంది, దొడ్డికి గట్టిగా అవుతుంది, ముక్కితే ఆపరేషన్ కుట్లు లాగి ప్రాణం పోయినట్టు ఉంటుంది. మంచం పక్కనే చెంబు పెట్టుకుని పాపకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగు. బోరు నీళ్లు మాత్రం వద్దు, మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్లోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఎట్లా వంచేసిందో మనం కళ్లారా చూసినవాళ్లమే, మిషన్ భగీరథ నల్లా నీళ్లే కాచి చల్లార్చుకో.

పథ్యం పేరుతో ఎల్లిగడ్డ కారం, అన్నం మీదనే 21 రోజులు నెట్టుకు రావొద్దు. బాలింతలకు చేసే కాయం మందు పెడితే కొంచెం తిను, తప్పు లేదు, కానీ పప్పు, మునగాకు, గుడ్డు, పాలు రోజూ ఉండాలి. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద బాలింతలకు కూడా భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, అడగడానికి మొహమాటపడకు. ఐరన్ గోళీలు 180 రోజులు వేసుకోవాలి. చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టవు, కాల్షియం గోళీ కూడా దాంతో కలపకుండా వేరే పూట వేసుకో.

ఇప్పుడు నా సంగతి చెప్తా, ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. నా పెద్ద కాన్పు ఆపరేషన్ అయింది. ఎనిమిదో రోజున కుట్ల దగ్గర లంగా తడిగా తగిలింది. చూస్తే పసుపుపచ్చగా, కొంచెం వాసన. ఎవరికైనా చెప్తే పథ్యం తప్పిందని నన్నే అంటారని భయపడి పాత చీర ముక్క మడిచి పెట్టుకుని మూడు రోజులు దాచాను, పైనుంచి నడుముకు గుడ్డ బిగించి కట్టేవాళ్లు, ఆ చెమటకు ఇంకా పాడైంది. నాలుగో రోజు చలిజ్వరం వచ్చి వణుకుతుంటే అప్పుడు బయటపడింది. ఒక మూల కుట్లు విప్పి రోజూ కట్టు మార్చారు, మానడానికి నెల పట్టింది, ఆ నెలంతా పిల్లను ఎత్తుకోవాలంటే ఏడుపొచ్చేది. మొదటి రోజే చెప్పి ఉంటే వారంలో తేలిపోయేది.

అందుకే కుట్లను రోజూ అద్దంలో చూసుకో, పొడిగా ఉంచు, ఆరు వారాల దాకా పాపకంటే బరువైనది ఎత్తకు, నీళ్ల బిందె జోలికి అసలే పోకు. రక్తం మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, ఆ తర్వాత తెల్లగా తగ్గుతూ పోవాలి. గంటకే ప్యాడ్ నిండినా, చెడు వాసన వచ్చినా, జ్వరం 100.4 దాటినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆశమ్మ, అదే ఆశా కార్యకర్త, ఇంటికి వచ్చినప్పుడు అందరూ పాపను చూపించి పంపేస్తారు, నువ్వు ఆమెను కూర్చోబెట్టి నీ సంగతి కూడా చెప్పు. ముట్టు ఇంకా రాలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, రాకముందే మళ్లీ గర్భం నిలవొచ్చు, ఆ మాట కూడా ఆమెనే అడుగు.

ఏడుపు గురించి కూడా అడిగావు. మొదటి పది పదిహేను రోజులు ఊరికే కళ్లనీళ్లు వస్తాయి, చాలామందికి అంతే. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనో పాపను ఏమైనా చేస్తాననో ఆలోచన వచ్చినా నీలో దాచుకోకు, అది జబ్బు, నీ తప్పు కాదు. మీ ఆయనకు చెప్పు, నాకు ఏ రాత్రి అయినా ఫోన్ చెయ్యి, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నా. నీళ్ల సంగతి మా అక్కతో నేనే మాట్లాడతా, అప్పటిదాకా చెంబు నీ మంచం పక్కనే ఉండనీ.

మీ చిన్నమ్మ