కురుమతికి నడిచిపోయే బిడ్డకు

బిడ్డా,

ఈసారి కురుమతి జాతరకు, మన కురుమూర్తి కొండ మీది వెంకన్న దగ్గరికి, దేవరకద్ర నుంచి నడిచే పోతానని నువ్వు ఫోన్లో చెప్తే సంబరపడ్డాను. చెప్పులు లేకుండా నడుస్తానని మొక్కుకున్నావని తర్వాత మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే 'సరే అత్తా' అంటావు, వినవు.

తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో నడవకు. మా నాయన కాలంలో అది బండ్ల బాట, మెత్తటి దుమ్ము. ఇప్పుడు తేలిన కంకర, సీసా పెంకులు. నీ వయసులో నేనూ ఇట్లాగే మొండికేశాను. కౌకుంట్ల రాకముందే కుడి మడమకు రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అది పగిలి, ఇసుక దూరి, అడుగు పెడితే ప్రాణం పోయినట్టయింది. చివరికి ఎవరిదో గడ్డి ట్రాక్టర్ ఎక్కి గట్టు కిందికి చేరాను. ఆ ఏడు స్వామిని చూసిన గుర్తు లేదు, మంట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కథ నీకు తెలిసిందే. కుబేరుడి అప్పు తీర్చలేక తిరుపతి విడిచి వచ్చిన స్వామికి కృష్ణ ఒడ్డున నడిచి నడిచి కాళ్లు కందిపోతే, కృష్ణమ్మ పాదుకలిచ్చిందంటారు. చిన్న వడ్డెమాన్‌లో నిష్ఠగా ఉండి కుట్టిన ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను, కార్తీక శుద్ధ సప్తమినాడు ఊరేగించి తెచ్చేది, జనం ఎగబడి తలకు తాకించుకునేది అందుకే కదా. దేవుడికే చెప్పులు కావలసివచ్చాయి, నీకెందుకు పంతం? మొక్కు మొక్కే కాబట్టి గట్టు మొదటి మెట్టు దగ్గర విప్పు. పైదాకా వట్టి కాళ్లతో ఎక్కు, చాలు.

కొత్త బూట్లు మాత్రం కొనకు. రెండు మూడు నెలలుగా తొడుగుతున్న పాతవే మేలు. నూలు సాక్సులు రెండు జతలు పెట్టుకో, తడిస్తే మార్చుకో. వేళ్ల సందుల్లో కొబ్బరినూనె రాయి. గోళ్లు నాలుగు రోజుల ముందే తీసుకో, ముందు రాత్రి తీస్తే చివర్లు గుచ్చుకుంటాయి. ఎక్కడైనా చురుక్కుమన్నదా, ఆ క్షణమే రోడ్డు పక్కన కూర్చుని పట్టీ అంటించు. 'ఇంకో ఊరు దాటాక చూద్దాం' అనుకుంటేనే బొబ్బ లేచేది. లేచిందంటే సూదితో పొడవకు.

పార్కులో రోజూ అరగంట తిరుగుతున్నా అన్నావు. అది సరిపోదు. మూడు ఆదివారాలు బ్యాగు తగిలించుకుని ఆగకుండా మూడేసి గంటలు నడువు. అపార్ట్‌మెంట్ మెట్లు కూడా ఎక్కి దిగు. ఎక్కడం కంటే దిగడమే కష్టం, తొడలు వణుకుతాయి. గట్టు దిగేటప్పుడు కాస్త పక్కకు తిరిగి ఒక్కో మెట్టే దిగు.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాలి. కార్తీకంలో ఆ వేళ చలి ఉంటుంది, పదయ్యేసరికి ఎండ సుర్రుమంటుంది. ఈ రోజుల్లోనే వరి కోతలు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. చీకట్లో వాటికి తట్టుకుని పళ్లు రాలగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆటోలు, డీసీఎం వ్యాన్లు, జాతర బస్సులు ఒకటే ఉరుకు. కుడి పక్కన, ఎదురొచ్చే బండి లైట్లు కనిపించేటట్టు నడువు. టార్చి పట్టుకో, తెల్ల చున్నీ వేసుకో, చెవుల్లో పాటలు పెట్టుకోకు.

ఇంకొకటి, ఆడవాళ్లం ఒకరికొకరం చెప్పుకోవలసిన మాట. ఎక్కడ పోవాలో తెలియక నీళ్లు తాగడం మానేస్తాం. అట్లా చేయకు, కళ్లు తిరిగి పడతావు. తడవకు రెండు గుక్కలు తాగుతూ ఉండు. అవసరమైతే ఏ ఊళ్లోనైనా తలుపు తీసి ఉన్న ఇంటి ముందు నిలబడి 'కురుమతికి పోతున్నాం అక్కా' అను. నాకైతే ఇంతవరకు ఎవరూ కాదనలేదు. పైగా చాయ్ తాగి పొమ్మంటారు.

సద్దికి రెండు జొన్న రొట్టెలు, పల్లీల పొడి చాలు. దారిలో పెట్టే పులిహోర ప్రసాదంగా రెండు ముద్దలే తిను.

ఉద్దాల రోజు వద్దంటాను. బొంబాయికి, పుణెకు పనికి పోయిన పాలమూరు జనమంతా ఆ రోజుకు దిగుతారు, నిలబడ్డ చోటు నుంచి కదలలేవు. జాతర దాదాపు నెల ఉంటుంది. ఆ తర్వాత ఏదో ఒక మామూలు రోజు రా. లేదు, ఆ రోజే కావాలంటే గొలుసు ఇంట్లో పెట్టు. ఫోన్లు కలవవు కాబట్టి కలుసుకునే చోటు ముందే అనుకుందాం.

నేనూ మీ అమ్మా కొత్త కుండతో ఆటోలో వస్తాం. నువ్వు చేరేసరికి గట్టు కింద మూడు రాళ్ల పొయ్యి మీద దాసంగం, స్వామికి పెట్టే నైవేద్యం, ఉడుకుతూ ఉంటుంది. ఆ పొగ వాసన చూసి కూలబడిపోకు. పది నిమిషాలే కూర్చో, ఎక్కువసేపైతే పిక్కలు పట్టేస్తాయి. పైకి 110 కోట్లతో ఘాట్ రోడ్డుకని 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అది నా మోకాళ్లకు వరమే. నువ్వు మాత్రం రోడ్డు వచ్చినా మెట్లే ఎక్కాలి.

తిరుగు ప్రయాణం నడక వద్దు, మాతో పాటే ఆటో ఎక్కు.

ముందు రోజు సాయంత్రానికే మా ఇంటికి వచ్చేయి. తొమ్మిదింటికల్లా పడుకోవాలి, ఫోను నా దగ్గరే ఉంటుంది. రెండున్నరకు నేను లేపుతా.

మీ అత్త