ఫ్యాక్టరీ మెక్సికో వెళ్లిపోతోంది, మాకు సర్కారు సాయం ఉందా?

ప్రశ్న: మేం అమెరికాలోని ఒహాయోలో ఉంటాం. మా ఆయన తొమ్మిదేళ్లుగా కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. లైన్లన్నీ మెక్సికోకు తరలిస్తున్నామని, ఆగస్టు చివర్లో ప్లాంటు మూసేస్తామని నోటీసు ఇచ్చారు. ఉద్యోగం తీసేస్తున్నందుకు పన్నెండు వారాల జీతం సెవరెన్స్‌గా ఇస్తారట. ఈ డిసెంబరుకు ఆయనకు 55 నిండుతాయి. కంపెనీ ద్వారా దాచుకునే పదవీ విరమణ పొదుపు ఖాతా 401(కె)లో 90 వేల డాలర్లు ఉన్నాయి. పని విదేశాలకు పోతే ప్రభుత్వం రెండేళ్లకు పైగా డబ్బిచ్చి చదివిస్తుందని తోటివాళ్లు అంటున్నారు, నిజమేనా? 401(కె)ని వెంటనే, సొంతంగా తెరుచుకునే పదవీ విరమణ ఖాతా అయిన ఐఆర్‌ఏలోకి మార్చేయమని మా బావగారి సలహా. మాకు గ్రీన్‌కార్డు ఉంది. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే రేపు సిటిజన్‌షిప్‌కు అడ్డొస్తుందా? అమ్మాయి కాలేజీలో చదువుతోంది.

జవాబు: మీ వారి తోటివాళ్లు చెబుతున్నది ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, అంటే టీఏఏ గురించి. అధ్యక్షుడు కెనడీ హయాంలో 1962లో మొదలైన పథకం అది. శిక్షణ ఖర్చు, చదువుకున్నన్నాళ్లూ భృతి, 50 దాటినవాళ్లు తక్కువ జీతానికి చేరితే ఆ తేడాలో సగం దాకా సాయం, ఇలా చాలానే ఉండేవి. కానీ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త కార్మికులను అందులో చేర్చుకోవడం ఆగిపోయింది. నెట్‌లో పాత సమాచారం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలామంది ఉందనే అనుకుంటున్నారు. కాంగ్రెస్ మళ్లీ తెరిస్తే తప్ప దాని మీద ఆశ పెట్టుకుని ఇంటి లెక్కలు వేసుకోకండి.

మీకు అందుబాటులో ఉన్నది, ఉద్యోగం పోయినవాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి ఫీజు ఇచ్చే ప్రభుత్వ ‘డిస్‌లొకేటెడ్ వర్కర్’ పథకం. పని ఏ దేశానికి పోయిందో నిరూపించే పని లేదు, ప్లాంటు మూతపడితే చాలు. మీ కౌంటీలోని ప్రభుత్వ ఉపాధి కేంద్రమైన ఒహాయోమీన్స్‌జాబ్స్ సెంటర్‌కు మూసివేత నోటీసు పట్టుకుని వెళ్లండి, ఆగస్టు దాకా ఆగొద్దు. రాష్ట్రం ఆమోదించిన జాబితాలోని కోర్సులకే ఫీజు ఇస్తారు, నిధులు కూడా పరిమితమే. ముందే కోర్సులో చేరి, తర్వాత బిల్లు పట్టుకెళ్తే పని జరగదు.

సెవరెన్స్ కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టించుకోవాలని చూస్తారు, జాగ్రత్త. కంపెనీపై దావా వేయనని రాసిమ్మంటే, 40 దాటినవాళ్లకు ఇలాంటి మూకుమ్మడి తొలగింపుల్లో ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టం ఇస్తుంది. అడగండి, మొహమాటం అక్కర్లేదు.

నిరుద్యోగ భృతికి ఉద్యోగం పోయిన వెంటనే దరఖాస్తు చేయాలి. ఒహాయోలో సెవరెన్స్‌ను భృతిలోంచి మినహాయిస్తారు, అందుకని మొదటి కొన్ని వారాలు చేతికేమీ రాకపోవచ్చు. అయినా దరఖాస్తు వాయిదా వేయకండి. ఆ తర్వాత గరిష్ఠంగా 26 వారాల దాకా వస్తుంది. దానిమీద ఫెడరల్ పన్ను ఉంటుంది. 10 శాతం ముందే కోసేయమని చెబితే ఏప్రిల్లో టెన్షన్ తగ్గుతుంది. ఈ భృతి కంపెనీలు కట్టే పన్నుతో నడిచే బీమా, దానం కాదు. సిటిజన్‌షిప్ దరఖాస్తుకు అడ్డు రాదు.

ఇక బావగారి సలహా. ఐఆర్‌ఏ మంచిదే, మామూలుగా నేనూ అదే చెబుతాను, కానీ మీ విషయంలో మాత్రం తొందరపడొద్దు. 55 నిండే సంవత్సరంలో గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ 401(కె)లోంచి 10 శాతం జరిమానా లేకుండా డబ్బు తీసుకోవచ్చు. ఇక్కడ పుట్టినరోజు కాదు, క్యాలెండర్ సంవత్సరం లెక్క. ఆగస్టులో ఆయనకు 54 అయినా, డిసెంబరుకు 55 నిండుతాయి కాబట్టి అర్హత ఉంది. అదే డబ్బు ఐఆర్‌ఏలోకి వెళ్లిందంటే 59న్నర దాకా ఈ వెసులుబాటు పోతుంది. పదివేల డాలర్లు కావాల్సి వస్తే వెయ్యి జరిమానాకే పోతుంది. మామూలు ఆదాయపు పన్ను రెండిట్లోనూ తప్పదు. 401(కె)లోంచి మీ చేతికిచ్చేటప్పుడు 20 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు. కొన్ని ప్లాన్లు విడతలుగా ఇవ్వవు, మొత్తం ఒకేసారి తీసుకోమంటాయి. ఆ ఒక్క మాట ప్లాన్ నిర్వాహకులను అడిగి, వీలైతే రాతపూర్వకంగా తెప్పించుకోండి. నా ఉద్దేశంలో అసలు ముట్టుకోకపోవడమే మేలు. అవసరం పడితే మాత్రం ఈ దారి తెరిచి ఉండాలి.

ఆరోగ్య బీమా విషయంలో కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ బీమానే కొనసాగించుకునే వీలు) ప్రీమియం చూసి గుండె గుభేల్‌మంటుంది. కంపెనీ వాటాతో సహా మొత్తం, పైన 2 శాతం మీరే కట్టాలి. తీసుకోవాలా వద్దా చెప్పడానికి 60 రోజుల గడువుంది, తీసుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ నెలల ప్రీమియం మాత్రం కట్టాలి. మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటులో) కొనడానికీ 60 రోజులే. రెండిటి ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అమ్మాయి కాలేజీ ఆర్థిక సాయం రెండేళ్ల కిందటి మీ ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. ఆయన ఉద్యోగం పోయాక కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు నోటీసు, చివరి జీతం చీటీ పంపి, ఇప్పటి ఆదాయంతో మళ్లీ లెక్కించమని అడగండి. తప్పనిసరిగా ఒప్పుకుంటారని కాదు, కానీ ఆ అధికారం వాళ్లకుంది. అడగనివాళ్లకు మాత్రం పాత లెక్కే వర్తిస్తుంది.