అనుభవం లేకుండా బట్టల షోరూమ్ ఇంటర్వ్యూకి వెళ్తే ఏం చూస్తారు? (అనంతపురం)

డిగ్రీ అయిపోయింది, అనంతపురంలో పెద్ద బట్టల షోరూమ్‌లో చీరల సేల్స్‌కి ఇంటర్వ్యూకి రమ్మన్నారు, ఇంగ్లీష్ సరిగా రాదు, అనుభవం అసలే లేదు, ఏం అడుగుతారో అని టెన్షన్ పడుతున్నావు కదా చెల్లీ. నేను ఇదే ఊర్లో చీరల కౌంటర్‌లో చాలాకాలం పనిచేశాను, తర్వాత కొత్తగా వచ్చే పిల్లల ఇంటర్వ్యూల్లో ఓనర్ పక్కన కూర్చున్నాను. ఇంగ్లీష్ గురించి భయం పెట్టుకోవద్దు. మన అంగళ్లకు వచ్చేవాళ్లలో బళ్లారి, పావగడ వైపు నుంచి కన్నడ మాట్లాడేవాళ్లు ఉంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉంటారు. నీకు కన్నడం గానీ ఉర్దూ గానీ కాస్త వస్తే అడగకముందే చెప్పు, ఇంగ్లీష్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

వాళ్లు చూసేది నీ చెయ్యి, నీ ఓపిక. పేరు, ఊరు, చదువు అడగడం రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత చాలాచోట్ల ఒక చీర చేతికిచ్చి "నేనే కస్టమర్‌ని, చూపించు" అంటారు. అప్పుడు బిగుసుకుపోకుండా ముందు కొంగు పరిచి చూపించు, తర్వాత అంచు, బుటాలు, చివర్లో రవిక గుడ్డ, చూపించడం అయ్యాక పాత మడతల మీదే మళ్లీ మడిచి పెట్టు, ఎందుకంటే జరీ చీర ఇష్టమొచ్చినట్టు మడిస్తే గీతలు పడతాయి, ఆ సంగతి నీకు తెలుసని వాళ్లకు అక్కడే అర్థమవుతుంది. ఇంట్లో అమ్మ పెళ్లి చీర తీసి నాలుగుసార్లు పరిచి మడిచి చూసుకో. చీర పరిచే ముందు "ఎవరికమ్మా, ఏ ఫంక్షన్‌కి?" అని అడుగు. "మీ బడ్జెట్ ఎంత?" అని మొదటి మాటలోనే అడగడం చాలామందికి నచ్చదు, మధ్య ధరవి రెండు పరిస్తే వాళ్ల చూపు ఎటు పోతుందో నీకే తెలిసిపోతుంది.

తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. "ముప్పై చీరలు తీయించి ఏమీ కొనకుండా లేచిపోయారు, ఏం చేస్తావు?" దీనికి పెద్ద జవాబేం అక్కర్లేదు, "మళ్లీ రండమ్మా అని చెప్పి చీరలు మడిచి సర్దుతాను" అంటే చాలు, కానీ అది ముఖం మాడ్చుకోకుండా చెప్పాలి. మన ఊర్లో ఇంకో మాట కూడా వింటావు, "గంట ప్రయాణం చేసి ధర్మవరం పోతే నేతగాళ్ల దగ్గరే తక్కువకు వస్తుంది కదా" అని. అప్పుడు ధర్మవరాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు, ఆ చీరల పేరు చెప్పుకునే మనం బతుకుతున్నాం. నీ దగ్గరున్న రకాలు చూపించు, సిల్క్ మార్క్ లేబుల్ (అసలు పట్టు అని తెలిపే గుర్తు) ఉంటే అది చూపించు. పట్టు కాని దాన్ని పట్టు అని మాత్రం చెప్పొద్దు, ఎవరు చెప్పమన్నా సరే. అంచులోంచి ఒక పోగు తీసి కాలిస్తే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది, ఇంటికి పోయి చూసుకునేవాళ్లు చూసుకుంటారు.

నోటి లెక్క కూడా అడుగుతారు. 3,400 చీరకు 15 శాతం తగ్గింపు అంటే, పదికి 340, ఐదుకు అందులో సగం 170, మొత్తం 510 పోతుంది, 2,890. ఇలాంటివి ఆషాఢం సేల్‌లో రోజంతా చెప్పాల్సి వస్తుంది.

ఇక నువ్వు అడగాల్సినవి. మొహమాటం వద్దు చెల్లీ, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తున్నా. రాత్రి ఎన్నింటికి వదులుతారు, శ్రావణమాసం పెళ్లిళ్లకూ దసరాకూ రంజాన్‌కూ ఎన్నింటి దాకా ఉంచుతారు అని అడుగు, నువ్వు రాప్తాడు నుంచో గార్లదిన్నె నుంచో వచ్చేదానివైతే ఆఖరి బస్సు సంగతి అక్కడే తేల్చుకో. కస్టమర్లు లేనప్పుడు కూర్చోనిస్తారా అని కూడా అడుగు. రోజంతా నిలబడితే కాళ్లు వాస్తాయి, అందుకే కేరళ 2018లో, తమిళనాడు 2021లో అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు మార్చాయి. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ (నీ జీతంలోంచి కొంత, ఓనర్ కొంత వేసి దాచే భవిష్య నిధి) ఉండాలి. ఈఎస్‌ఐ ఉంటే, నెల జీతం 21,000 దాటనివాళ్లకు నూటికి ముప్పావు రూపాయే కోస్తారు, ఓనర్ మూడుంపావు కడతాడు, జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చుకు అదే ఆధారం. ఇన్సెంటివ్ ఉందంటే అది చీరకు ఇంత అనా, నెల టార్గెట్ మీదా అని విడమర్చి అడుగు.

సర్టిఫికెట్లు జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో. నాకు తెలిసిన ఒక అమ్మాయి వేరే ఊర్లో ఒక అంగట్లో పదో తరగతి ఒరిజినల్ ఇచ్చి, మానేసేటప్పుడు అది తీసుకోవడానికి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని తిరగాల్సి వచ్చింది.

ఉదయం పూటే వెళ్లు, సాయంత్రం రద్దీలో వాళ్లకు నీతో మాట్లాడే తీరిక ఉండదు. చీరల సెక్షన్ అన్నావు కాబట్టి ఇవన్నీ రాశాను, ఒకవేళ అక్కడికెళ్లాక రెడీమేడ్‌లో వేస్తామంటే ఇక్కడే కింద కామెంట్‌లో నన్ను అడుగు, సైజులు, ట్రయల్ రూమ్ పని వేరేగా ఉంటుంది, అది కూడా రాస్తాను.