గట్టిగా బిగించుకోవాలి అని రాశావు

విశాఖపట్నం

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. చెట్లు కోసే చైన్ సా మిషన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మిషన్ పుట్టుపూర్వోత్తరాలకు ఒక పేజీ, చెట్ల గొప్పతనానికి అర పేజీ ఇచ్చావు. అసలు సంగతికి వచ్చేసరికి ఒక్క వాక్యం: “కంపన జనిత శిథిలతను నివారించుటకు బోల్టులను ఎప్పటికప్పుడు గట్టిగా బిగించుకోవాలి.” నీ వ్యాసం ఆ వాక్యంలోనే ఉంది. మిగతాదంతా కొట్టేసినా నాకేం బాధ లేదు.

ముందు ఆ “కంపన జనిత శిథిలత” తీసెయ్. బోల్టు లూజైపోయింది అంటారు ఎవరైనా. నీ పాఠకుడు భీమిలి వైపు ఏ సరుగుడు తోటలోనో నిలబడి, చేతులకు ఆయిల్ అంటుకుని ఉండగా బొటనవేలి గోటితో ఫోన్ తెర జరుపుకుంటూ చదువుతాడు. ఏ బోల్టు? ఎంత గట్టిగా? ఈ రెండూ చెప్పకపోతే వాడికి నీతో పనేముంది?

నేనూ ఇలాగే రాశాను. ఇంకా ఘోరంగా రాశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా గేటుకు అడ్డంగా వేపచెట్టు పడి ఉంది. ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ కొన్నాను. రెండో రోజుకే సైలెన్సర్ బోల్టు ఒకటి ఎక్కడో రాలిపోయింది, రెండోది సగం బయటికొచ్చేసింది. కొత్తవి తెచ్చి, ఎర్ర త్రెడ్ లాకర్, అంటే బోల్టు కదలకుండా మరలకు పూసే బంక, పూసి బిగించాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఘనకార్యాన్ని ఒక పత్రికకు రాసి పంపాను, వాళ్లు వేశారు. నెల తిరక్కుండా ఆ బోల్టులు మళ్లీ లూజు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చూసి నవ్వాడు: “సైలెన్సర్ వేడికి ఆ బంక ఆగుతాదేటి బాబూ?”

నిజమే. మామూలు త్రెడ్ లాకర్లు 150 డిగ్రీల దగ్గరే పట్టు కోల్పోతాయి, సైలెన్సర్ అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడ ఉండాల్సింది కంపెనీ చెప్పిన బోల్టు, దాని తలను వంచి పట్టుకునే రేకు ముక్కో, పళ్లున్న జంట లాక్ వాషరో. కొత్తగా బిగించాక ఒకసారి వాడి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ పానా వేసి చూడాలి. అశ్రద్ధ చేస్తే సైలెన్సర్‌కూ ఇంజనుకూ మధ్య పొగ బయటికి రాకుండా ఉండే గ్యాస్కెట్ కాలిపోతుంది, వేడి పొగ పక్కకు తన్ని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. అన్ని బోల్టులకూ తలా రెండు వాక్యాలు పంచిపెట్టకు. సైలెన్సర్ దగ్గర ఆగు, పేజీ పట్టినా సరే.

కారణం కూడా చెప్పు. బోల్టు బిగిస్తే అది వెంట్రుకవాసి సాగుతుంది, సాగినది వెనక్కి లాగుతూ రెండు ముక్కల్నీ అదిమి పడుతుంది. ఆ అదుము వల్ల పుట్టే రాపిడే దాన్ని తిరగనివ్వదు. ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జరగడం మొదలైతే రాపిడి పట్టు తప్పుతుంది, బోల్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ఈ సంగతి పరీక్షచేసి ప్రకటించాడు. అలాంటి పరీక్షల్లోనే మనం తాతలనాటి నుంచి నమ్ముకున్న స్ప్రింగ్ వాషర్ పెద్దగా ఆపదని తేలింది. చైన్ సా ఇంజను నిమిషానికి 12,000 చుట్లు తిరిగిందంటే సెకనుకు 200. ఉన్నది ఒక్కటే పిస్టన్. మొండిబారిన చైన్ తోడైతే అదురు ఇంకా పెరుగుతుంది.

“గట్టిగా” అన్న మాటతో జాగ్రత్త. ఈ మిషన్ల ఇంజను గుల్ల చాలావాటిలో మెగ్నీషియం, మెత్తటి లోహం. బలం చూపిస్తే బోల్టు దిగే మర (త్రెడ్) పోతుంది, ఆ తర్వాత ఏ బోల్టూ నిలబడదు. మన సముద్రపు గాలికి పాత బోల్టు తుప్పు పట్టిందని ఆ గుల్లలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వేస్తారు కొందరు. బోల్టు మెరుస్తూనే ఉంటుంది, ఉప్పు తేమకు చుట్టూ ఉన్న మెగ్నీషియం తినుకుపోతుంది. ఈ ముక్క విశాఖలో ఉండి రాసేవాడివి నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?

హ్యాండిల్ దగ్గర లోహంలోకి దిగే స్క్రూలకు నీలం రకం త్రెడ్ లాకర్ చాలు, అది మళ్లీ విప్పడానికి వీలిస్తుంది, నూనె జిడ్డు లేకుండా తుడిచి ఒక చుక్క. ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి వద్దు. చైన్ తిరిగే పట్టీని (బార్) పట్టి ఉంచే నట్లకు అసలే వద్దు, రోజూ విప్పేవి అవి.

మిషన్ పొరపాటున స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసి పక్కన పెట్టాకే పానా పట్టాలని చివరి పేరాలో రాశావు. అప్పటికి వాడు సగం విప్పేసి ఉంటాడు. మొదటి వాక్యంలోకి తీసుకురా.

ఇంకొకటి, మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో బోల్టు తల మీంచి గుల్ల మీదకి సన్నగా గీత గీస్తాను. గీత విడిపోతే బోల్టు కదిలినట్టే. సైలెన్సర్ మీద మాత్రం మాడిపోతుంది, అక్కడ సుత్తి, సన్న ఉలితో చిన్న గాటు పెట్టుకున్నాను. కావాలంటే వాడుకో, నా పేరు వేయనక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే రా. ఆ పాత మిషన్ ఇంకా మా వరండాలోనే ఉంది, సైలెన్సర్ నువ్వే విప్పుదువుగాని. మంచి చొక్కా వేసుకుని రాకు.

ఇట్లు,
మీ మాష్టారు