యూఎస్‌బీ లైబ్రరీ పట్టుకుని కూర్చుంటే కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. టైనీయూఎస్‌బీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీతో (చిప్‌ను యూఎస్‌బీ పరికరంగా మార్చే రెడీమేడ్ కోడ్) రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును కీబోర్డుగా మార్చాను. దానికే సీరియల్ పోర్ట్ (కంప్యూటర్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే దారి) కూడా కలిపితే, కీబోర్డు పనిచేస్తోంది గానీ పోర్ట్ కనబడటం లేదు. రెండు వారాలు పోయాయి. ఇవన్నీ వదిలేసి వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వదలొద్దు. వెబ్‌లో ఉద్యోగాల సంఖ్య ఎక్కువన్నది నిజమే. కానీ కంప్యూటర్‌కు తగిలించే కొలత పరికరాలు, వైద్య పరికరాలు, ఆడియో పెట్టెలు, గేమ్ కంట్రోలర్లు, వీటన్నిటి లోపల ఫర్మ్‌వేర్, అంటే ఆ పరికరాన్ని నడిపే కోడ్, రాసేవాళ్లు కావాలి. ఆ పనికి మీరు ఇప్పటికే సగం దారిలో ఉన్నారు. మిగతా సగం మీరు పోగొట్టుకున్నాననుకుంటున్న ఆ రెండు వారాల్లోనే ఉంది.

మీ కోడ్ నేను చూడలేదు. అయినా ముందు ఒకచోట వెతకండి. కేబుల్ తగిలించగానే కంప్యూటర్ మీ బోర్డును ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. బోర్డు 18 బైట్ల డివైజ్ డిస్క్రిప్టర్ (తానెవరో చెప్పే వివరాల పట్టిక) పంపుతుంది. తర్వాత తనలో ఏమేం ఉన్నాయో చెప్పే కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టర్. దాని మొదటి 9 బైట్లలోనే మొత్తం పొడవెంతో రాసి ఉంటుంది, కంప్యూటర్ అంతవరకే చదువుతుంది. టైనీయూఎస్‌బీ మాక్రోలతో (ఈ పట్టికను రాసిపెట్టే రెడీమేడ్ కోడ్ ముక్కలు) కీబోర్డు ఒక్కటే ఉంటే ఆ పొడవు 9 + 25, అంటే 34 బైట్లు. సీరియల్ పోర్ట్ కలిస్తే ఇంకో 66 వచ్చి 100 అవుతుంది. అక్కడ పాత 34 అలాగే ఉండిపోయి, కీబోర్డు వివరాలు ముందు ఉంటే, సరిగ్గా మీరు చెప్పినట్టే జరుగుతుంది: కీబోర్డు బతుకుతుంది, పోర్ట్ మాయమవుతుంది. అదే పట్టికలో ఇంటర్‌ఫేస్‌ల (బోర్డు చేసే ఒక్కో పనికి కేటాయించిన భాగాల) సంఖ్య కూడా 1 నుంచి 3కు మారాలి, ఎందుకంటే సీరియల్ పోర్ట్ ఒక్కటే రెండు ఇంటర్‌ఫేస్‌లు తీసుకుంటుంది.

కారణం ఇది కాకపోయినా వెతికే పద్ధతి ఇదే. లినక్స్‌లో వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో యూఎస్‌బీ ట్రాఫిక్ (కేబుల్‌లో వచ్చిపోయే డేటా) పట్టి, ఒక్కో బైటూ చదవండి. నేను ఇంటర్వ్యూకు సిద్ధం చేసే పిల్లల్ని మొదట అడిగేది ‘కేబుల్ తగిలించాక ఏం జరుగుతుందో చెప్పు’ అనే. లైబ్రరీ ఉదాహరణను అలాగే నడిపినవాళ్లు రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఒక్క బగ్‌ను చివరిదాకా వెంటాడినవాళ్లు కాగితం తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెడతారు. ఆ తేడా ఎదుటివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

తర్వాత లైబ్రరీ లోపలికి వెళ్లండి. కీబోర్డు, సీరియల్, స్టోరేజ్ లాంటి క్లాస్ డ్రైవర్లు (ఒక్కో రకం పరికరానికి రాసిన కోడ్) ఒక ఫోల్డర్లో, చిప్‌ను బట్టి మారే కోడ్ ‘పోర్టబుల్’ అనే ఇంకో ఫోల్డర్లో ఉంటాయి. ఇంటరప్ట్ (ఏదో జరిగిందని హార్డ్‌వేర్ ఇచ్చే సంకేతం) వచ్చినప్పుడు లైబ్రరీ ఆ సంగతిని క్యూలో పెట్టి, అసలు పనిని టాస్క్ ఫంక్షన్‌లో చేస్తుంది. డైనమిక్ మెమరీ (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) వాడదు. ఎందుకలా కట్టారో మీ మాటల్లో చెప్పగలిగితే, ఆర్‌టీఓఎస్ (పనులను సమయానికి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) ప్రశ్నలకు కూడా టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో మాట, లైసెన్స్ గురించి చదవండి. టైనీయూఎస్‌బీది ఎంఐటీ లైసెన్స్, అందుకే కాపీరైట్ నోటీసు ఉంచి కంపెనీలు తమ ఉత్పత్తుల్లో వాడుకోగలవు. ఏవీఆర్ అనే మైక్రోకంట్రోలర్ చిప్‌ల కోసం వచ్చిన వీ-యూఎస్‌బీ లైబ్రరీ మాత్రం జీపీఎల్ (ఉత్పత్తితో పాటు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) లేదా డబ్బు కట్టే వాణిజ్య లైసెన్స్ కింద దొరుకుతుంది. ఉద్యోగంలో ఈ తేడా తెలియకపోతే ఇబ్బంది పడతారు.

లైబ్రరీకి మీరు కూడా ఏదైనా ఇవ్వాలనుకుంటే పెద్ద ఫీచర్‌తో మొదలుపెట్టొద్దు. మీ చేతిలో ఉన్న బోర్డు మీద ఎవరో చెప్పిన బగ్ మళ్లీ వస్తుందో లేదో చూసి, ఏ వెర్షన్, ఏ కంప్యూటర్, లాగ్‌లో ఏం కనబడింది, అన్నీ రాసి పెట్టండి. మీ రెజ్యూమెలో ‘యూఎస్‌బీ తెలుసు’ అన్న లైన్ తీసేసి, ఆ రిపోర్ట్ లింకు పెట్టండి.