ఆ ఎనభై వేలు మీ ఏడాది వడ్డీకి కూడా చాలవు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వయసు 46. ఇరవై ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతున్నాను, ఎక్కువగా నక్షత్రకుడి వేషం. సీజన్‌లో 70 నాటకాల దాకా దొరుకుతాయి, రాత్రికి 2,000 ఇస్తారు. వానాకాలమంతా ఖాళీ. మా ఆవిడ కుట్టుపని చేస్తుంది, డ్వాక్రా సంఘంలో ఉంది. నాన్న ఆపరేషన్‌కి, పాప కాలేజీకి చేసిన అప్పు 2,40,000. నూటికి మూడు రూపాయల వడ్డీ. కట్టలేని ఏడాది నోటు తిరగరాస్తున్నాం. ఈమధ్య పరిచయమైన ఒకతను, ‘నీ అకౌంట్లో 8 లక్షలు వేయిస్తా, తీసి నాకిచ్చెయ్, పదో వంతు నీది’ అన్నాడు. నేను ఊ కొట్టానో లేదో, నిన్న ఎవరిదో తెలియని పేరుతో 95,000 పడ్డాయి. గేమింగ్ డబ్బంటాడు. దొంగ సొమ్మేమోనని నా భయం. ఇంకా తీయలేదు. కానీ ఆ 80 వేలతో సగం టెన్షన్ తీరుతుందనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఒక్క రూపాయి కూడా తీయకండి. అతనికి గానీ, పంపినవాళ్లకు గానీ మీ అంతట మీరు తిరిగి వేయనూ వద్దు.

తన సొంత డబ్బయితే నూటికి పది పోగొట్టుకుని మీ ఖాతా మీదుగా ఎందుకు తిప్పుతాడు? ఇలాంటి సొమ్ము చాలాసార్లు ఎక్కడో ఒక పెద్దాయనను ఫోన్లో బెదిరించో, ఓటీపీ లాగో కొట్టేసింది అయి ఉంటుంది. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే పోలీసులు ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో చూసుకుంటూ వస్తారు. అక్కడ కనపడేది మీ పేరు, మీ ఆధార్, ఏటీఎం కెమెరాలో మీ మొహం. అతని పేరు ఎక్కడా ఉండదు. ఖాతా స్తంభించిపోతే మీ నాటకాల డబ్బులూ అందులోనే ఇరుక్కుంటాయి. దొంగ సొమ్మని తెలిసి దగ్గర ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 ప్రకారం మూడేళ్ల దాకా జైలు. మోసం చేసి లాగిన డబ్బు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ‘దొంగ సొమ్మేమోనని నా భయం’ అని మీరే రాశారు కాబట్టి తెలియదనడం కూడా కష్టమే.

ఈ రోజే బ్యాంకుకు వెళ్లండి. ‘ఈ 95,000 నావి కావు, ఎవరివో తెలియదు, చట్టప్రకారం చేయండి’ అని కాగితం రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. తర్వాత 1930కి మీరే ఫోన్ చేయండి. బ్యాంకుకు సెలవైనా ఆ నంబరు పనిచేస్తుంది. అతని వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. ఏటీఎం కార్డో, సిమ్మో అతని చేతికి ఇచ్చి ఉంటే వెంటనే బ్లాక్ చేయించండి. తెలిసిన వకీలు ఉంటే వెంట తీసుకెళ్లడం మంచిది.

ఇక మీ అప్పు సంగతి. నెలకు 7,200 చొప్పున ఏడాదికి 86,400 వడ్డీ. అతను ఇస్తానన్న 80 వేలు దానికే చాలవు, అసలు జోలికి రానే రావు. సీజన్ మొత్తానికి మీకొచ్చేది 1,40,000. అంటే 70 రాత్రుల్లో 43 రాత్రులు మీరు వడ్డీ కోసమే రంగు పూసుకుంటున్నారు. వేదిక మీద నక్షత్రకుడు మీరే, ఇంటికొస్తే అప్పు కోసం వెంటపడే ఆ వేషం మరొకరిది. (ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. మూడు రూపాయల వడ్డీని ఏడాదికి నూటికి 36 అని లెక్కకట్టి చూసుకున్నవాళ్లు తక్కువ.)

కాబట్టి ముందు వడ్డీ తగ్గించుకోవాలి. ఇంట్లో బంగారం ఉంటే అమ్మకండి, బ్యాంకులో తాకట్టు పెట్టండి. అక్కడ వడ్డీ నెలకు నూటికి రూపాయి లోపే ఉంటుంది. లేదంటే మీ ఆవిడ సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం అడగండి. ఎలాగైనా లక్షన్నర దొరికితే ఆ భాగం మీద మీరిప్పుడు కట్టే 4,500 కాస్తా 1,500 లోపుకు దిగుతుంది. నెలకు మిగిలే ఆ మూడు వేలు మిగతా 90 వేల అసలుకు కట్టండి. వానాకాలంలో కట్టలేకపోతే సీజన్‌లో రెట్టింపు కట్టండి. సన్మానాల్లో వచ్చే నగదు కూడా ఇందులోకే. పట్టుపంచె కొనడానికి కాదు, నన్ను తిట్టుకున్నా సరే.

రాత్రిళ్లు వ్యాన్లలో తిరిగే పని మీది. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా బ్యాంకులోనే ఉన్నాయి. రెండోదానిలో 50 ఏళ్ల లోపే చేరాలి, మీకు ఇంకా టైముంది. పాత కరపత్రాలు, సన్మాన పత్రాలు పారేయకండి. 60 దాటాక పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే సాయానికి దరఖాస్తు చేసేటప్పుడు, ఇన్నేళ్లు నాటకాలు ఆడారనడానికి అవే రుజువు.

ఒక్క మాట మర్చిపోయాను. అప్పులవాడికి డబ్బు కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో సహా చెల్లు రాయించుకోండి. మొత్తం తీరిన రోజు నోటు చేతికి తీసుకోకుండా ఆ గుమ్మం దిగకండి.